కోల్డ్ స్టోరేజీలో పైలట్ వాచ్ పెట్టుకుని తిరిగేవాడి సమాధానం

ప్రశ్న విజయవాడ నుంచి ఒకాయన అడిగారు. ఆరు లక్షల దాకా పెట్టి కొత్త మెకానికల్ పైలట్ వాచ్ కొందామనుకుంటున్నా, ఆ పెద్ద పెద్ద అంకెలు, పైన త్రిభుజం, ఉల్లిపాయంత కీ, వీటికి నిజంగా ఏమన్నా పనుందా లేక అంతా షోనా, మన ఎండకీ చెమటకీ ఏది ఆగుద్ది అని.

ముందే చెప్తున్నా, నేను పైలట్‌ని కాదండి, గన్నవరంలో ఫ్లైటెక్కి హైదరాబాదులో దిగడం తప్ప విమానాలతో నాకు సంబంధం లేదు. మాది గుంటూరు, పెదనాన్నావాళ్ళతో కలిసి మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతాం. దీనికీ పైలట్ వాచీకీ ఏంటి లింకు అంటారేమో, ఉంది. బయట మే నెల్లో 44 డిగ్రీలు కాలిపోతుంటే మా ఛాంబర్లో ఆరేడు డిగ్రీలుంటుంది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కప్పు దాకా పేర్చి ఉంటాయి, మధ్యలో సందులు, లైట్లు అంతంతమాత్రం, ఒంటి మీద మందపాటి జెర్కిన్, చేతులకి గ్లౌజులు. ఫోన్లో టైం చూడాలంటే గ్లౌజు పీకి, జిప్పు లాగి, ఫోన్ తీసి, వేలు పెట్టి, ఈలోపు ముఠా మేస్త్రి ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేస్తాడు. 1940ల్లో చలికి వణుకుతూ విమానంలో కూర్చున్నోడి బాధా నా బాధా ఇంచుమించు ఒకటే, ఆయన మీద కింద నుంచి తుపాకులు పేలేవి, నా మీద మా పెదనాన్న పేలతాడు, అంతే తేడా.

అందుకే మీ ప్రశ్నకి నా సమాధానం, ఆ వివరాలన్నీ ఒకప్పుడు పని కోసమే పుట్టాయి, ఇప్పుడు కొత్త మోడళ్ళలో కొన్ని ఇంకా పని చేస్తున్నాయి, కొన్ని బొమ్మలా మిగిలిపోయాయి, ఏది ఏదో షోరూంలో ఏసీ కింద సోఫాలో కూర్చుని చూస్తే తెలీదు.

నాకు ఈ పిచ్చి మా నాన్న వల్ల పట్టింది. ఆయనది హెచ్ఎంటీ పైలట్, నల్ల డయల్, 17 జువెల్స్ అంటే లోపల అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు, పొద్దున కాఫీ తాగుతూ కీ ఇవ్వడం, ఆ కిరకిర చప్పుడు, అదో పూజలాగా ఉండేది. హెచ్ఎంటీ వాళ్ళు 1961లో జపాన్ సిటిజెన్‌తో కలిసి బెంగుళూరులో మొదలెట్టిన ఫ్యాక్టరీ, 2016లో వాచీల వ్యాపారం మూసేశారు, ఆ సంగతి పేపర్లో చదివి నాన్న ఆ రోజంతా మాట్లాడలేదు. నాన్న తర్వాత ఆ వాచీ నేను పెట్టుకుని ఛాంబర్లోకి వెళ్ళేవాణ్ణి, అంకెలు బానే కనిపించేవి గానీ కీ చిన్నది, పొద్దున ఇవ్వడం మర్చిపోయి లోపల ఆగిపోతే గ్లౌజు వేళ్ళకి అది దొరికేది కాదు. అప్పుడు బుర్రలో లైటు వెలిగింది, ఓహో పైలట్ వాచీలకి అంత పెద్ద కీ ఎందుకు పెట్టారో అని.

అసలు మీరు ఫొటోల్లో చూస్తున్న రూపం, నల్ల డయల్ తెల్ల అంకెలు పైన త్రిభుజం దానికి రెండు వైపులా రెండు చుక్కలు, ఇది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం వాళ్ళు చేయించుకున్న వాచీది. ఐదు కంపెనీలు చేశాయి, ఎ లాంగె, ఐడబ్ల్యూసీ, లాకో, స్టోవా, వెంపె. సైజు 55 మి.మీ., పొడుగు బెల్టుతో జాకెట్ చేతి మీద నుంచి కట్టుకునేవాళ్ళు. దాన్ని ఎక్కువగా వాడింది విమానం నడిపేవాడు కాదు, పక్కన కూర్చుని దారి లెక్కలేసే నావిగేటరు. ఆ త్రిభుజమూ రెండు చుక్కలూ అందం కోసం కాదండోయ్, చీకట్లో వాచీ ఎటు తిరిగి ఉన్నా పైన 12 ఎక్కడుందో కన్ను వెంటనే పట్టుకోడానికి. కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, అదెందుకంటే అందరి వాచీలూ ఒకే సెకనుకి కలుపుకోడానికి.

ఇందులో రెండు రకాలు. ఎ టైపులో 1 నుంచి 11 దాకా గంటల అంకెలు, 12 చోట త్రిభుజం. 1941లో వచ్చిన బి టైపులో బయట పెద్దగా 5, 10, 15 అని నిమిషాలు, లోపల చిన్న వలయంలో గంటలు. నావిగేటరుకి గంట ఎంతో తెలుసు, ఆయనకి కావాల్సింది నిమిషం, సెకను, అందుకని అలా తిప్పి పెట్టారు. నేను ఆ బి టైపు చూడగానే పడిపోయి 42 మి.మీ. ఆటోమేటిక్, అంటే చేతి కదలికకే కీ ఎక్కేది, కొన్నా, కంపెనీ పేరు రాయను, మంచి చెప్పినా చెడు చెప్పినా కింద కామెంట్లలో కొట్టుకుంటారు. పెట్టుకున్న వారానికే తెలిసొచ్చింది, మసక వెలుతుర్లో గంట పట్టుకోడానికి ఒక సెకను ఎక్కువ పడుతుంది, ఎవరన్నా టైమెంతండి అంటే 40 అని చెప్పి ఆగిపోయేవాణ్ణి. మీకు నక్షత్రాలు చూసి లెక్కలు కట్టే పని లేకపోతే ఎ టైపే తీసుకోండి, బి టైపు ఎదుటోళ్ళకి చూపించడానికి బాగుంటుంది, చూసుకోడానికి కాదు. ఇది నా మాట, బి టైపు ఫ్యాన్స్‌కి కోపమొస్తే రానీండి.

ఇక కొత్త మోడళ్ళు. కిందటేడు హైదరాబాద్ వెళ్ళి మూడు నాలుగు షోరూములు తిరిగి ఒక్కోటి చేతికి పెట్టి చూశా, నా కోల్డ్ స్టోరేజీ గ్లౌజులు కూడా జేబులో పెట్టుకెళ్ళా, అవి తీసి తొడుక్కుంటే ఆ కుర్రాడు ముందు భయపడ్డాడు తర్వాత నవ్వాడు, ఆఖరికి మేనేజర్ని కూడా పిలిచి చూపించాడు.

ఐడబ్ల్యూసీ మార్క్ 20 ముందు చెప్తా, ఎందుకంటే మీ ప్రశ్నకి దగ్గరగా ఉండేది అదే. దీని ముత్తాత మార్క్ 11, 1948లో బ్రిటిష్ వైమానిక దళం కోసం చేసింది, లోపల మిషను చుట్టూ మెత్తటి ఇనుముతో ఇంకో గిన్నె ఉండేది, కాక్‌పిట్‌లో పరికరాల అయస్కాంతం మిషనుకి తగలకుండా. మార్క్ 20 వచ్చింది 2022లో, 40 మి.మీ., ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 120 గంటలు నడుస్తుంది, అంటే శుక్రవారం రాత్రి తీసి బీరువాలో పెడితే బుధవారం రాత్రి దాకా ఆగదు. పైలట్ వాచీ అనిపించుకోడానికి అద్దాన్ని కూడా అలాగే బిగించారు, గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినా అద్దం ఊడి రాకుండా. మనకి గన్నవరం ఫ్లైట్లో ఆ అవసరం రాదనుకోండి, కానీ ఆ ఆలోచన ఇంకా వదల్లేదు చూడండి, అది నాకు నచ్చింది. నా మణికట్టు ఆరున్నర అంగుళాలు, సన్నం, దానికి కూడా కొమ్ములు బయటికి రాకుండా కూర్చుంది. కొమ్ములంటే బెల్టు తగిలించే చెవులు, మీరు ఆన్‌లైన్లో కేసు సైజు మాత్రమే చూడకండి, ఒక కొమ్ము చివర్నుంచి రెండో కొమ్ము చివరికి ఎంతో చూడండి, చాలామంది మోసపోయేది అక్కడే. నాకు నచ్చనిది 3 దగ్గర తారీకు గడి. పాతదాంట్లో తారీకు లేదు, ఉండక్కర్లేదు కూడా. కీ మామూలు సైజే, గ్లౌజుతో తిరగలేదు.

గ్లౌజుతో తిరిగింది దాని అన్న, బిగ్ పైలట్ 43. 2021లో వచ్చింది, అంతకుముందు బిగ్ పైలట్ అంటే 46 మి.మీ., నాలాంటోడు పెట్టుకుంటే గోడ గడియారం కట్టుకున్నట్టుండేది. 43లో ఆ శంకువులాంటి పెద్ద కీ అలాగే ఉంచారు, తారీకు తీసేశారు, డయల్ మీద సరుకంతా ఖాళీ చేశారు. గ్లౌజు వేళ్ళతో పట్టుకుని తిప్పితే చక్కగా తిరిగింది, ఆ క్షణంలో నాన్న వాచీ గుర్తొచ్చింది. కానీ అది మీ బడ్జెట్ దాటిపోతుంది, నాదీ దాటిపోయింది, గ్లౌజులు తీసి జేబులో పెట్టుకున్నా.

జెనిత్ వాళ్ళ కథ వేరు. డయల్ మీద పైలట్ అన్న మాట రాసుకునే హక్కు వాళ్ళకే ఉంది, ఆ పేరు ఎప్పుడో రిజిస్టరు చేసేసుకున్నారు. 1909 జూలై 25న ఫ్రెంచి పైలట్ లూయీ బ్లేరియో ఇంగ్లిష్ ఛానెల్ మీదుగా విమానంలో దాటినప్పుడు ఆయన చేతికి ఉన్నది జెనితే. ఇంత చరిత్ర ఉన్నా 2023లో పైలట్ కొత్త సిరీస్ తెచ్చినప్పుడు పాత పాట పాడకుండా కొత్తగా చేశారు. 40 మి.మీ. కేసు, అంచు చదునుగా ఉంటుంది, డయల్ మీద అడ్డంగా గాడులు, దూరం నుంచి చూస్తే మన రేకుల షెడ్డులా ఉంటుంది, నిజానికి పాత విమానాల ఒంటికి వేసే ముడతల రేకు అది. నేను రేకుల కింద పుట్టి పెరిగినోణ్ణి కాబట్టి నాకు బాగా నచ్చింది, మా ఆవిడకి నచ్చలేదు. లోపల మిషను జెనిత్ వాళ్ళ సొంత ఎల్ ప్రిమెరో కుటుంబానిదే, సెకనుకి 10 టిక్కులు, మామూలు ఆటోమేటిక్‌లో 8 ఉంటాయి, అందుకే సెకన్ల ముల్లు జారినట్టు పోతుంది. 60 గంటలు నడుస్తుంది. స్టీలూ ఉంది, నల్ల సెరామిక్కూ ఉంది, సెరామిక్ గీతలు పడదు గానీ గట్టిగా కిందపడితే పగిలే సరుకు, మా పనికి స్టీలే.

బ్రైట్లింగ్ నావిటైమర్ గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ వదలబుద్ధి కావట్లేదు. డయల్ చుట్టూ ఆ చిన్న చిన్న గీతలు అంకెలు చూసి అందరూ ఏదో డిజైన్ అనుకుంటారు, అది గుండ్రంగా చుట్టిన స్లైడ్ రూలండి, అంటే జరిపి లెక్కలేసే స్కేలు, 1952 నుంచీ ఉంది, పైలట్లు ఇంధనం, వేగం, దూరం లెక్కలేసుకునేవాళ్ళు. నేను షోరూంలోనే ప్రయత్నించా. ఒక టిక్కీ 45 కిలోలు, 12 టిక్కీలు, మొత్తమెంత. అంచు తిప్పి బయటి వలయంలో 45ని లోపలి వలయంలో ఉన్న 10కి ఎదురుగా పెట్టాలి, ఇప్పుడు లోపల 12 ఎక్కడుందో చూసి దానికెదురుగా బయట చదివితే 54, సున్నా మనమే పెట్టుకోవాలి, 540 కిలోలు. వచ్చేసింది! ఆ కుర్రాడికి కూడా తెలీదట, ఇద్దరం పది నిమిషాలు లెక్కలేసుకుంటూ కూర్చున్నాం. 2022లో 70 ఏళ్ళ సందర్భంగా కొత్తగా చేశారు, 46, 43, 41 సైజుల్లో, 12 కింద పైలట్ల సంఘం వాళ్ళ రెక్కల బొమ్మ మళ్ళీ పెట్టారు, ఆ వలయాన్ని చదును చేసి అద్దాన్ని కాస్త ఉబ్బించారు, దాంతో పక్క నుంచి పల్చగా కనిపిస్తుంది. చాలా అందమైన వాచీ. మా ఛాంబర్లో మాత్రం దాన్ని చదవాలంటే టార్చిలైటు పట్టుకోవాలి. పైలట్ వాచీల్లో ఇది చదివే పుస్తకం, మార్క్ 20 రోడ్డు పక్క కిలోమీటరు రాయి.

లాంజీన్ స్పిరిట్ జులూ టైం మీ బడ్జెట్లో హాయిగా వస్తుంది, డబ్బులు మిగుల్తాయి కూడా. 2022లో 42 మి.మీ. వచ్చింది, మరుసటేడు 39 తెచ్చారు, మన చేతులకి 39 బాగుంటుంది. జులూ అంటే పైలట్ల భాషలో గ్రీన్‌విచ్ టైము. నాలుగో ముల్లు రోజుకొకసారి చుట్టొస్తుంది, దాంతో రెండో దేశం టైం చూసుకోవచ్చు, మా బావ డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి నాకు ఆశ పుట్టింది. కానీ ఇక్కడ మనకో చిక్కుంది, ఏ ప్రకటనలోనూ చెప్పరు. మన టైం గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు, ఈ వాచీల్లో రెండు టైములకీ నిమిషాల ముల్లు ఒకటే, గంటల ముల్లు గంట గంటకే గెంతుతుంది, అరగంట గెంతదు. అంటే డల్లాస్ టైం చూసినప్పుడల్లా ఆ అరగంట మీరే మనసులో కలుపుకోవాలో తీసుకోవాలో. అదేమంత పెద్ద సంగతి కాదు గానీ మూడు లక్షలు పోసి కొన్నాక ఇంట్లో కూర్చుని కనిపెడితే మాత్రం కడుపు మండుద్ది.

ఓరిస్ ప్రోపైలట్ ఎక్స్ క్యాలిబర్ 400 అని ఇంకోటుంది, 2022దే, 39 మి.మీ. టైటానియం, ఐదు రోజులు నడుస్తుంది, పదేళ్ళ వారంటీ. చేతికి పెట్టుకున్నట్టే ఉండదు, అంత తేలిక, చెమట పట్టే ఊళ్ళో టైటానియం నిజంగా సుఖం. చైను బకిల్ విమానంలో సీటు బెల్టు బకిల్‌లా పైకి ఎత్తితే ఊడుతుంది, చిన్న సరదా. దీంట్లోనే ఆకుపచ్చ డయల్‌తో ఒక రకం ఉంది, ఒకటో తారీకు రాగానే తారీకు గడిలో అంకె బదులు మప్పెట్స్ బొమ్మల షోలో కెర్మిట్ కప్ప తొంగి చూస్తుంది, జీతాలిచ్చే రోజు నన్ను చూసి నవ్వేది కప్పే అనుకుని ఊరుకున్నా. బ్రెగే టైప్ 20 కూడా 2023లో కొత్తగా వచ్చింది, బటన్ ఒక్కసారి నొక్కితే స్టాప్‌వాచ్ ముల్లు సున్నాకి వెళ్ళి మళ్ళీ వెంటనే పరిగెత్తడం దాని గొప్ప, ఫ్రెంచి సైన్యం 1950ల్లో అడిగి చేయించుకున్న లక్షణం అది, కానీ ధర మనం మాట్లాడుకునేది కాదు.

ఇప్పుడు మన వాతావరణం సంగతి, ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నా. పైలట్ వాచీ అంటే లెదర్ బెల్టు, రెండు మేకులు కొట్టి, ఫొటోలో అదిరిపోద్ది. విజయవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సిగ్నల్ పడేలోపు ఆ బెల్టు చెమటలో నానిపోద్ది. నాది మొదటి వేసవికే లోపలి వైపు నల్లబడి పుల్లటి కంపు కొట్టింది, మా ఆవిడ డైనింగ్ టేబుల్ మీద పెట్టనివ్వలేదు. కాబట్టి కొనేటప్పుడే చైను గానీ రబ్బరు గానీ అడగండి, లెదర్ కావాలంటే శీతాకాలానికి, పెళ్ళిళ్ళకి. పనిముట్టు లేకుండా వేలితో బెల్టు మార్చుకునే ఏర్పాటు మార్క్ 20లో ఉంది, ఇలాంటిది మన ఊళ్ళకి చాలా అవసరం, నేను దీనికే ఎక్కువ మార్కులేస్తా.

రెండోది అయస్కాంతం. ఒకసారి నా వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకి పోవడం మొదలెట్టింది, పాడైపోయిందనుకుని గుండె జారిపోయింది. నేను చేసిన పనేంటంటే, మెషిన్ రూంలో మోటారు బాగుచేస్తుంటే వాచీ తీసి స్పీకరు మీద పెట్టా, అంతే. లోపల తలవెంట్రుకంత స్ప్రింగు చుట్టలు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైపోయినట్టై వాచీ పరిగెడుతుంది. గుంటూర్లో ఒక పెద్దాయన, పేవ్‌మెంట్ మీద చిన్న గాజు పెట్టె పెట్టుకుని కూర్చుంటాడు, దిక్సూచి దగ్గర పెట్టి ముల్లు కదలడం నాకు చూపించాడు, నీలం డబ్బా మీద పెట్టి బటన్ నొక్కి పైకి లేపాడు, అయిపోయింది బాబూ, యాభై ఇవ్వు అన్నాడు.

అక్కడితో ఆగకుండా నేను తెలివి ఉపయోగించా. టైము ఇంకొంచెం సరిచేయిద్దామని పెద్ద ఏసీ షాపుకి తీసుకెళ్ళా, ఊరు పేరు వద్దులెండి, వాళ్ళు వెనక మూత తీసి మళ్ళీ బిగించేటప్పుడు రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టలేదు. మర్నాడు ఛాంబర్లోంచి బయటికొచ్చా, అద్దం మీద ఆవిరి. చల్లటి వస్తువు ఉక్కపోతలోకి వస్తే అద్దం బయట ఆవిరి పట్టడం మామూలే, రోజూ తుడుచుకునేవాణ్ణి, ఈసారి తుడిస్తే పోలేదు, లోపల పట్టింది! కంపెనీకి పంపి మొత్తం విప్పించి కడిగించి తెప్పించుకోడానికి నెలన్నర, డబ్బు సంగతి ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పా. కాబట్టి మూత తీసినోడు నీటి పరీక్ష మిషను మీద పెట్టి రిపోర్టు ఇస్తాడా లేదా అడక్కుండా ఎక్కడా ఇవ్వకండి.

రేడియం సంగతి చెప్పడం మర్చిపోయా. మనవాళ్ళు మెరిసే ముళ్ళన్నిటినీ రేడియం అంటారు గానీ ఇప్పుడు రాసేది సూపర్ లుమినోవా, అది వెలుతురు తాగి చీకట్లో కక్కుతుంది, దానంతటది వెలగదు. అందుకే ఎండలోంచి ఛాంబర్లోకి వెళ్ళిన మొదటి పావుగంట బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ముళ్ళకి, త్రిభుజానికి మాత్రమే రాశారా, అంకెలన్నిటికీ రాశారా అని చూడండి.

డబ్బు గురించి రెండు ముక్కలు. క్యాషిస్తా తగ్గించండి అనే మన బెసెంట్ రోడ్డు బేరం ఇక్కడ నడవదు, 2 లక్షలు, ఆపైన క్యాషు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు, పాన్ కార్డు పట్టుకెళ్ళండి. 10 లక్షలు దాటిన వాచీకి 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్, అంటే షాపువాడు ముందే వసూలు చేసి మీ పేరున కట్టే పన్ను, కూడా పడుతుంది, అది మీరు కట్టాల్సిన ఆదాయప్పన్నులోంచి తగ్గించుకోవచ్చు, మీ ఆరు లక్షలకి ఆ గొడవ లేదు. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం విడతలవారీగా తగ్గించే ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాన్ని చూపించి షాపువాణ్ణి కాస్త గట్టిగానే అడగండి.

నన్నడిగితే, మీ చోట నేనుంటే చైనుతో మార్క్ 20 ధర అడుగుతా, అది ఆరు దాటితే ఓరిస్ తీసుకుని ఇంటికొచ్చేస్తా. షోరూంలో లైట్లు ఆపమని అడగడానికి మొహమాటపడకండి, కనీసం బాత్రూంలోకి తీసుకెళ్ళి తలుపేసుకుని అయినా చూడండి, నేనదే చేశా, మేనేజరు బయట కాపలా నిలబడ్డాడు. ఇంకా తేలకపోతే మేలో మిర్చి యార్డుకి సెలవులిస్తారు, అప్పుడు మాకు లోడింగ్ హడావుడి ఉండదు, గుంటూరు రండి, నాన్న హెచ్ఎంటీ ఒక చేతికీ నా వాచీ ఒక చేతికీ పెట్టుకుని ఛాంబర్లో ఒక రౌండు వేద్దురుగాని. జెర్కిన్, గ్లౌజులు నేనిస్తా.